గేమ్ ఒకటే, వెర్షన్ నంబర్లు నాలుగు: ఈ ప్యాచ్ దేనికి?

నీలిమేఘం

అందరికీ నమస్కారం. ఒక గేమ్‌కు ప్యాచ్ (సవరణల ఫైల్) వేద్దామని కూర్చుని నంబర్ల దగ్గరే ఆగిపోయాను. చిన్న స్టూడియో చేసిన ఆర్‌పీజీ, పేరు ఇక్కడ అనవసరం. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుని పెట్టుకున్నాను. ఆ ఫైల్ పేరులో 2.1.0.9 అని ఉంది. గేమ్ తెరిస్తే మెనూ మూలన 1.3.8 అంటోంది. గేమ్‌ను నడిపే ఈఎక్స్‌ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూస్తే 2019.4తో మొదలయ్యే పొడుగాటి నంబరు. ప్యాచ్ ఫైల్ పేరేమో "1.3.8 నుంచి 1.3.10".

1.3.10 అంటే 1.3.1 లాంటిదేగా, మరి 1.3.8 కంటే పాతది అవ్వాలి కదా? 2.1.0.9 వీటన్నిటికంటే పెద్దది కాబట్టి నా దగ్గరున్నదే కొత్తదా? ఏదైతే అదయిందని ప్యాచ్ నడిపితే "సరైన వెర్షన్ దొరకలేదు" అని ఆగిపోయింది. మెనూలో 1.3.8 అని కనిపిస్తూనే ఉంది, ఇంకేం కావాలి దీనికి? చాలా దూరం ఆడిన సేవ్ ఉంది, అది పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పాతడిస్క్

ముందు సేవ్ ఫోల్డర్ కాపీ చేసి వేరే చోట పెట్టండి. ఇంకేం ముట్టుకోకండి అప్పటిదాకా.

లూప్‌లోపల

నీలిమేఘం గారూ, మీకు కనిపిస్తున్న నంబర్లలో ఏదీ తప్పు కాదు. ఒక్కోటి ఒక్కో దానికి చెందింది. వాటన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి ఏది పెద్దదని చూడటంతోనే చిక్కు మొదలవుతోంది.

2019.4 సంగతి తేలిక. అది గేమ్ నంబరు కాదు, గేమ్ చేయడానికి వాడిన యూనిటీ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ నంబరు. యూనిటీలో చేసిన గేమ్‌ల ఈఎక్స్‌ఈ ప్రాపర్టీస్‌లో మామూలుగా ఇంజిన్ వెర్షనే ఉంటుంది. అన్‌రియల్‌లో చేసినవాటిలోనూ 4.27 లాంటివి తరచూ కనిపిస్తాయి, అదీ ఇంజిన్‌దే. గేమ్‌కు ఎన్ని అప్‌డేట్లు వచ్చినా స్టూడియో ఇంజిన్ మార్చకపోతే ఆ నంబరు కదలదు. ప్యాచ్ విషయంలో దాన్ని వదిలేయండి.

2.1.0.9 చాలామటుకు ఇన్‌స్టాలర్‌ది. కొన్ని స్టోర్లు గేమ్‌ను స్టూడియో నుంచి తీసుకుని తమ సొంత సెటప్ ప్రోగ్రామ్‌లో పెట్టి ఇస్తాయి, దానికి తమ లెక్కలో ఒక నంబరు వేసుకుంటాయి. మీది ఏ స్టోరో నాకు తెలియదు గానీ, జీఓజీ పాత ఇన్‌స్టాలర్లు దాచుకున్నవాళ్లకు 2.0.0, 2.1.0తో మొదలయ్యే వరస బాగా గుర్తుంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని గేమ్‌లకు కూడా అవే నంబర్లు. తర్వాత వాళ్లు పద్ధతి మార్చి ఫైల్ పేరులో గేమ్ వెర్షన్, దాని పక్కన బిల్డ్ నంబరు పెడుతున్నారు. పార్సిల్ మీది నంబరు చూసి లోపలున్న పుస్తకం ఎన్నో ముద్రణో చెప్పలేం కదా, ఇదీ అంతే.

ఇక 1.3.8, 1.3.10. ఇవి దశాంశాలు కావు. చుక్కల మధ్య ఉన్న ప్రతిదీ ఒక విడి పూర్ణసంఖ్య. మూడో స్థానంలో 8 తర్వాత 9, తొమ్మిది తర్వాత 10. కాబట్టి 1.3.10 కొత్తదే. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో 2016 ఫిబ్రవరిలో 1.9 వచ్చింది, అదే ఏడాది జూన్‌లో 1.10 వచ్చింది. దాని తర్వాత 1.11, 1.12 అలా సాగింది.

ప్యాచ్ ఎందుకు ఆగిందన్నది మాత్రం వీటిలో దేనితోనూ తేలదు. బిల్డ్ నంబరు కావాలి, అంటే గేమ్ ఫైల్స్ తయారైన ప్రతిసారీ వాటికి పడే వరస నంబరు.

చిట్టిబాస్

లూప్‌లోపల అన్నా, చుక్క ఎప్పుడూ విడదీయడానికే అంటే నేను ఒప్పుకోను. సైబర్‌పంక్ 2077 చూడు. 2021 ఆగస్టులో 1.3, సెప్టెంబరులో 1.31, ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో 1.5. నువ్వు చెప్పిన లెక్కలో 31 పెద్దది, 5 చిన్నది, అంటే 1.31 ఎప్పటికీ కొత్తదిగానే ఉండిపోవాలి. అక్కడ నిజంగా దశాంశంలాగే చదవాలి. 1.6 తర్వాత 1.61, 1.62, 1.63. 2023 సెప్టెంబరులో 2.0, ఆపైన 2.01, 2.02, డిసెంబరులో 2.1. మైన్‌క్రాఫ్ట్ అలవాటుతో వచ్చినవాడు 2.02ను 2.1 కంటే కొత్తదనుకుంటాడు. వాడిదేం తప్పు?

రెండు పెద్ద గేమ్‌లు, ఒకే చుక్క, రెండు అర్థాలు. ఆడేవాళ్లు ఎలా తెలుసుకోవాలి? నాకు ఇది నిజంగా కోపం తెప్పించే విషయం.

లూప్‌లోపల

ఒప్పుకుంటున్నా చిట్టీ, నేను చెప్పింది మూడు భాగాలున్న నంబర్లకు సరిపోతుంది. రెండే భాగాలుంటే రెండు రకాలూ నడుస్తున్నాయి. ఒక గుర్తు ఉంది: వరసలో ఎక్కడైనా 2.01, 1.04 లాంటి సున్నా ముందున్న నంబరు కనిపిస్తే అది దాదాపు ఖాయంగా దశాంశం పద్ధతే. సాఫ్ట్‌వేర్‌కు వెర్షన్ నంబర్లు ఎలా వేయాలో చెప్పే సెమాంటిక్ వెర్షనింగ్ నియమాల్లో అలా ముందు సున్నా పెట్టడానికి వీల్లేదు, అక్కడ 1.9.0 తర్వాత 1.10.0 అని ఉదాహరణతో సహా రాసి ఉంది. కానీ గేమ్ స్టూడియోలు ఆ నియమాలకు కట్టుబడాలని ఎక్కడా లేదు.

గుర్తులేవీ దొరక్కపోతే తేదీలు చూడటమే. నంబరు ఎలా చదవాలో తెలియనప్పుడు కూడా విడుదల తేదీ దారి చూపిస్తుంది.

సేవ్‌పాయింట్

విచర్ 3 కూడా చేర్చండి. 1.32 దగ్గర ఏళ్ల తరబడి ఆగి, 2022 డిసెంబర్ 14న ఏకంగా 4.00 అయింది. మధ్యలో 2, 3 ఎక్కడున్నాయి, అవి ముందు వేయాలా అని ఇప్పటికీ అడుగుతుంటారు. అవి లేవు. వేయాల్సిన పనీ లేదు.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో అయితే 0.47 నుంచి 2022లో నేరుగా 50కి వచ్చారు. కొత్తవాళ్లు నలభై తొమ్మిది పెద్ద అప్‌డేట్లు తప్పిపోయామనుకుంటారు. నిజానికి ముందున్న సున్నా, చుక్క తీసేశారు, అంతే.

మాడ్‌మిత్ర

మాడ్స్ (ఆడేవాళ్లు గేమ్‌కు చేసే మార్పులు) వేసుకునేవాళ్ల వైపు నుంచి ఒక మాట. "మూడో స్థానంలో నంబరు మారితే చిన్న సవరణే, భయం లేదు" అని చాలామంది సలహా ఇస్తుంటారు. గేమ్‌లలో దయచేసి ఈ సలహా ఇవ్వకండి.

ఫాలౌట్ 4లో 2019 చివరి నుంచి 1.10.163 ఉండేది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన నెక్స్ట్ జెన్ అప్‌డేట్ 1.10.980. మొదటి రెండు భాగాలూ అలాగే ఉన్నాయి. చూడ్డానికి ఏదో చిన్న మార్పు. కానీ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మాడ్స్‌కు అదనపు సామర్థ్యం ఇచ్చే టూల్) మీద ఆధారపడ్డ మాడ్స్ అన్నీ ఆగిపోయాయి. ఎందుకంటే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ గేమ్ ఈఎక్స్‌ఈ లోపల ఫలానా చోట ఫలానా ఫంక్షన్ ఉంటుందని లెక్కపెట్టుకుని పనిచేస్తుంది. గేమ్‌ను మళ్లీ కంపైల్ చేస్తే, అంటే కోడ్ నుంచి ఈఎక్స్‌ఈని మళ్లీ తయారుచేస్తే, ఆ చోట్లు జరిగిపోతాయి. ఆటలో ఏమీ మారకపోయినా జరిగిపోతాయి.

స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌లో ఇంకో తలనొప్పి. 1.5.97 గేమ్‌కు కావాల్సిన ఎస్‌కేఎస్‌ఈ (స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్) వెర్షన్ 2.0.20. ఈ రెండు నంబర్లకూ చూపుల్లో పోలికే లేదు. 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్ అప్‌డేట్‌తో గేమ్ 1.6కు వెళ్లింది, దానికి ఎస్‌కేఎస్‌ఈ వేరు. "నాది 2.0.20, లేటెస్ట్ గేమ్ ఉంది, ఎందుకు నడవట్లేదు" అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే అడుగుతాను: గేమ్ నంబరు ఎంత, ఎక్స్‌టెండర్ నంబరు ఎంత, రెండూ విడివిడిగా చెప్పండి. "లేటెస్ట్" అన్నది నంబరు కాదు. ఆ మాట ఈ రోజు ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది.

నిదానం

ఫోన్ గేమ్‌లలో ఈ గొడవ లేదు కదా? ప్లే స్టోర్ తనే చూసుకుంటుంది.

లూప్‌లోపల

నిదానం గారూ, అక్కడా రెండు నంబర్లున్నాయి, మీకు ఒకటే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో వెర్షన్ నేమ్ అని ఒకటి, వెర్షన్ కోడ్ అని ఒకటి ఉంటాయి. నేమ్ మనుషులు చదవడానికి, అందులో ఏ అక్షరాలైనా రాసుకోవచ్చు. కోడ్ ఒక పూర్ణసంఖ్య, ఫోన్ దాన్ని మాత్రమే పోల్చి చూస్తుంది. పేరులో 1.5 అని ఉన్నా కోడ్ తక్కువైతే ఫోన్‌కు అది పాతదే, మామూలుగా దాన్ని పైన ఇన్‌స్టాల్ చేయనివ్వదు. ఐఫోన్‌లోనూ చూపించే వెర్షన్ వేరు, బిల్డ్ వేరు.

నాకు ఆండ్రాయిడ్ చేసింది నచ్చుతుంది. మనుషుల నంబరును, యంత్రం నంబరును రెండుగా విడగొట్టి, ఏది దేనికో స్పష్టంగా చెప్పింది. పీసీలో ఆ విభజన స్టూడియో ఇష్టం.

సేవ్‌పాయింట్

స్టీమ్ స్టోర్‌లో కొన్నవాళ్లకు యంత్రం నంబరు చూడటం తేలికే. లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అప్‌డేట్స్ విభాగం. అక్కడ బిల్డ్ ఐడీ ఉంటుంది. స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో యాప్‌మేనిఫెస్ట్‌తో మొదలయ్యే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఆ నంబరు కనిపిస్తుంది. స్నేహితులతో కలిసి ఆడేటప్పుడు "వెర్షన్ మిస్‌మ్యాచ్" వస్తే ముందు ఇద్దరూ బిల్డ్ ఐడీలు పోల్చుకోండి, ఆ తర్వాత బీటా బ్రాంచ్‌లో (ముందస్తు పరీక్ష వెర్షన్‌లో) ఎవరైనా ఉన్నారా చూడండి. చాలాసార్లు విషయం అక్కడే తేలిపోతుంది.

నీలిమేఘం

అందరికీ థాంక్స్. సేవ్స్ కాపీ చేసుకున్నాను. నాది స్టీమ్ కాదు కాబట్టి బిల్డ్ ఐడీ అలా దొరకలేదు. కానీ గేమ్ లాగ్ ఫైల్ తెరిస్తే మొదట్లోనే "1.3.8, బిల్డ్ 5127" అని ఉంది. ప్యాచ్‌తో వచ్చిన రీడ్‌మీ ఫైల్ అడుగున "5104 నుంచి" అని చిన్నగా రాసి ఉంది. అంటే నాది ప్యాచ్ అడుగుతున్న దానికంటే కొత్తదా? రెండూ 1.3.8 ఎలా అవుతాయి?

లూప్‌లోపల

దొరికింది. మీ ప్యాచ్ ఆగడానికి కారణం ఇదే.

నేను గేమ్‌లు చేసే చోటే పనిచేస్తాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మెనూలో కనిపించే 1.3.8 చాలా చోట్ల ఒక మనిషి చేత్తో టైప్ చేసిన అక్షరాలు. బిల్డ్ నంబరు మాత్రం ప్రతిసారి కంపైల్ అయినప్పుడు సర్వర్ తనంతట తానే పెంచుకుంటూ పోతుంది. 1.3.8 విడుదలైన రెండో రోజు ఒక క్రాష్ బయటపడిందనుకోండి. సరిచేసి, నంబరు మార్చకుండా అదే 1.3.8 పేరుతో మళ్లీ ఎక్కిస్తారు. నంబరు మారిస్తే అప్‌డేట్ నోట్స్ రాయాలి, అనువాదాలు మార్చాలి, కన్సోల్ వాళ్ల తనిఖీకి మళ్లీ వెళ్లాల్సి రావచ్చు, ఆడేవాళ్లు "మళ్లీ అప్‌డేటా" అంటారు. కాబట్టి నిశ్శబ్దంగా మార్చేస్తారు. ముందు దించుకున్నవాళ్ల దగ్గర 5104, తర్వాత దించుకున్నవాళ్ల దగ్గర 5127. ఇద్దరి మెనూలోనూ 1.3.8.

ఇది ఆపాలని నేను మా టీమ్‌లో చాలా కాలంగా వాదిస్తున్నాను. ఒక్క బైట్ మారినా బయట కనిపించే నంబరు మారాలి. నాలుగో అంకె వేసినా చాలు.

కాకపోతే నాలుగో అంకెకు ఒక గుంట ఉంది. విండోస్ ఇన్‌స్టాలర్, అంటే ఎంఎస్‌ఐ ఫైల్స్ నడిపించేది, వెర్షన్‌లో మొదటి మూడు భాగాలే పోలుస్తుంది. నాలుగోది పట్టించుకోదు. ఎంఎస్‌ఐగా ఇచ్చే టూల్స్‌లో 1.3.8.1, 1.3.8.2 రెండూ దానికి ఒకటే. పైగా మొదటి రెండు భాగాలూ 255 దాటకూడదు. కాబట్టి అక్కడ 2024 లాంటి సంవత్సరం ముందు పెట్టడం కుదరదు.

చిట్టిబాస్

సరే అన్నా, కానీ 5104 కోసం చేసిన ప్యాచ్ 5127 మీద ఎందుకు పడదు? కొత్తదాని మీద ఇంకా కొత్తది వేయడమేగా.

పాతడిస్క్

ఇది నేను చెప్తాను. ప్యాచ్‌లు రెండు రకాలు. మొదటి రకం మారిన ఫైల్స్‌ను పూర్తిగా మోసుకొచ్చి పాతవాటి మీద పెట్టేస్తుంది. అది దేని మీదైనా పడుతుంది. రెండో రకం తేడా మాత్రమే తెస్తుంది: ఈ ఫైల్‌లో ఫలానా బైట్ నుంచి ఇంత తీసెయ్, ఇది చేర్చు. బీఎస్‌డిఫ్, ఎక్స్‌డెల్టా లాంటి టూల్స్ చేసేది ఇదే. సైజు చాలా తగ్గుతుంది. కానీ కింద ఉన్న ఫైల్ అక్షరాలా అదే అయి ఉండాలి. వేరే బిల్డ్ అయితే బైట్ల స్థానాలు కలవవు, ఫైల్ పాడవుతుంది. అందుకే మంచి ప్యాచర్ ముందు చెక్‌సమ్ (ఫైల్ మొత్తం నుంచి లెక్కకట్టిన గుర్తు సంఖ్య) చూసి, కలవకపోతే ఆగిపోతుంది. నీలిమేఘం గారికి వచ్చిన మెసేజ్ ఆయన గేమ్‌ను కాపాడింది.

పాత కన్సోల్ గేమ్‌లకు ఫ్యాన్స్ చేసే ప్యాచ్‌లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఐపీఎస్ ఫార్మాట్‌లో అసలు ఫైల్ సరైనదేనా అనే తనిఖీ లేదు, దేని మీద వేసినా రాసేస్తుంది. బీపీఎస్‌లో అసలు ఫైల్, చివరి ఫైల్, ప్యాచ్ మూడింటి చెక్‌సమ్‌లూ లోపలే ఉంటాయి. నేను బీపీఎస్ ఉంటే ఐపీఎస్ జోలికి పోను.

డిస్క్‌ల కాలంలో ఇంకో ప్రశ్న ఉండేది: 1.1, 1.2, 1.3 వరసగా వేయాలా, చివరిది ఒక్కటి చాలా? కొన్ని గేమ్‌లకు వరస తప్పనిసరి, కొన్నిటికి చివరి ప్యాచ్‌లోనే అన్నీ ఉండేవి. అక్షరాలు కూడా కలిపేవారు. డయాబ్లో 2లో 1.09డీ తర్వాత 2003లో 1.10 వచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కాంకరర్స్‌కు 1.0సీ. నెట్‌వర్క్‌లో ఆడాలంటే అందరి దగ్గరా ఆ చివరి అక్షరం కలవాల్సిందే.

ఇప్పుడు మీ పరిస్థితికి వస్తే, ప్యాచ్ కోసం వెతక్కండి. 1.3.10 పూర్తి ఇన్‌స్టాలర్ ఉంటే అది దించండి. సైజు ఎక్కువే, కానీ దానికి కింద ఏ బిల్డ్ ఉందో అక్కర్లేదు. ఇన్‌స్టాలర్ పక్కన బిన్ ఫైల్స్ ఉంటే అవి కూడా అన్నీ కొత్తవే తీసుకోండి. పాత బిన్, కొత్త ఈఎక్స్‌ఈ కలిపితే మధ్యలో ఎర్రర్ వస్తుంది. స్టోర్ పేజీలో హాష్ (చెక్‌సమ్ లాంటిదే) ఇచ్చి ఉంటే, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌కు హాష్‌ఫైల్ ఆప్షన్, ఫైల్ పేరు, ఎస్‌హెచ్‌ఏ256 ఇస్తే సరిచూసుకోవచ్చు.

మాడ్‌మిత్ర

దించాక పాత ఇన్‌స్టాలర్‌ను వెంటనే చెరిపేయకండి. 1.3.10లో తెరిచి సేవ్ చేసిన ఆటను మళ్లీ 1.3.8లో తెరవలేకపోవచ్చు. సేవ్‌లు ముందుకు వెళ్తాయి గానీ వెనక్కి రావడం అరుదు. అందుకే మీరు కాపీ చేసుకున్న సేవ్స్, పాత ఇన్‌స్టాలర్ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ఫోల్డర్ పేరులోనే "1.3.8 బిల్డ్ 5127" అని రాసి పెట్టుకోండి.

నిదానం

ఇదంతా చదివాక నాకు ఒకటే అనిపిస్తోంది, సంవత్సరం పెడితే పోదా? మైన్‌క్రాఫ్ట్ వాళ్లు 2026 నుంచి అలాగే చేస్తామని ప్రకటించారు కదా. 1.21.11 తర్వాత 26.1. ఎవరికైనా అర్థమవుతుంది.

చిట్టిబాస్

నాకు నచ్చింది. 2011లో 1.0 వచ్చినప్పటి నుంచి ముందున్న ఆ 1 కదల్లేదు. కదలని అంకె ఏం చెబుతుంది? 26.1 అంటే కనీసం ఎప్పటిదో తెలుస్తుంది.

మాడ్‌మిత్ర

ఎప్పటిదో తెలుస్తుంది, ఎంత మారిందో తెలియదు. ఫ్యాక్టోరియో 1.1 నుంచి 2.0 అనగానే నాకు మాడ్స్ అన్నీ సరిచూసుకోవాలని అర్థమైంది. సంవత్సరం ఆ హెచ్చరిక ఇవ్వదు. పేర్లు పెట్టడమూ అంతే, నో మ్యాన్స్ స్కైలో నెక్స్ట్, బియాండ్, ఆరిజిన్స్ బాగుంటాయి, కానీ పేరు చూసి ఏది ముందో కొత్తవాళ్లు చెప్పలేరు. వెనక 1.5, 2.0, 3.0 అని నంబర్లు ఉండబట్టే వరస తెలుస్తోంది.

లూప్‌లోపల

పద్ధతి ఏదైనా నాకు పర్వాలేదు. మధ్యలో మార్చినప్పుడు చెప్పాలి, అంతే నేను అడిగేది. లినక్స్ వైపు డెబియన్‌లో దీనికి ఒక ఏర్పాటే ఉంది: నంబర్ల పద్ధతి మారిపోతే ముందు ఇపాక్ అని ఇంకో అంకె పెడతారు, "ఇక్కడి నుంచి కొత్త లెక్క" అని ప్యాకేజీ టూల్‌కు తెలుస్తుంది. అలాగే 1.0 ట్రయల్ బిల్డ్ 1.0 కంటే ముందు రావాలంటే టిల్డా గుర్తు వాడతారు. గేమ్ లాంచర్లలో ఇలాంటిది ఎందుకు లేదని నాకు బాధ.

నీలిమేఘం

అప్‌డేట్. 1.3.10 పూర్తి ఇన్‌స్టాలర్ దించి, హాష్ సరిచూసి వేశాను. లాగ్‌లో బిల్డ్ 5160 వచ్చింది. సేవ్ చక్కగా తెరుచుకుంది, ప్యాచ్‌లో సరిచేశామన్న మ్యాప్ సమస్య కూడా పోయింది. ఈ ఇన్‌స్టాలర్ ఫైల్ పేరులో 2.2.0.1 ఉంది, ఈసారి దాన్ని చూసి కంగారు పడలేదు.

స్టూడియోకు కూడా రాశాను: ప్యాచ్ ఫైల్ పేరులో రెండు వైపులా బిల్డ్ నంబర్లు పెట్టమని, మెనూలో వెర్షన్ పక్కన బిల్డ్ చూపించమని, "సరైన వెర్షన్ దొరకలేదు" అనేచోట ఏది కావాలో, ఏది దొరికిందో రాయమని. చివరిగా ఒకటి. ఈ గేమ్‌కు ఒక డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా వచ్చే అదనపు భాగం) ఇన్‌స్టాలర్ పాతది నా దగ్గర ఉంది. దాన్ని దీని మీద వేయవచ్చా?

పాతడిస్క్

వద్దు. చాలా డీఎల్‌సీ ఇన్‌స్టాలర్లు అసలు గేమ్‌లోని ఉమ్మడి ఫైల్స్‌ను కూడా తిరగరాస్తాయి. పాతది వేస్తే కొన్ని ఫైల్స్ వెనక్కి వెళ్లి, మెనూలో మాత్రం 1.3.10 అని ఉండిపోతుంది. మీ స్టోర్ ఖాతాలో అదే డీఎల్‌సీకి కొత్త ఇన్‌స్టాలర్ ఉందేమో చూడండి. తేదీ 1.3.10 నాటిదైతే దించి వేయండి, వేశాక లాగ్‌లో బిల్డ్ 5160 అలాగే ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి.